మోడల్‌కు జవాబుదారీ ఎవరు?

(డాక్టర్ కె.ఎల్. రావు స్మృతిలో దాచేపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారిని మంత్రిగానే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన ఆయన విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు వెళ్లారు. 1963 నుంచి దాదాపు పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. తన జ్ఞాపకాలకు 'ది క్యూసెక్స్ కాండిడేట్' అని పేరు పెట్టుకున్నారు. ఓట్లు అడిగేటప్పుడు కూడా నీళ్ల లెక్కే చెప్పే మనిషి అని ఆ పేరే చెబుతుంది. అయితే మంత్రి కావడానికి చాలా ముందే ఆయన పంతులు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు తీసుకున్నాక ఇంగ్లండులోనూ చెప్పారు. కాంక్రీటు డిజైను మీద పుస్తకం రాశారు. ఇవాళ నేను స్మరించుకునేది ఆ పంతులుగారిని. అందుకే ఎంచుకున్న విషయం కూడా చదువుకు సంబంధించిందే: నిర్మాణ నిర్వహణ చదివే పిల్లలకు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా బిమ్, ఎలా నేర్పాలి?

దాచేపల్లిలో కూర్చుని ఈ మాట మాట్లాడుకోవడం విడ్డూరమేమీ కాదు. మన నేల పైన మిర్చి, పత్తి, కింద సున్నపురాయి. మాచర్లలో 1958లో కేసీపీ వారి సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎన్ని పొగగొట్టాలు లేచాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల నాపరాయి వెళ్లని జిల్లా లేదు. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద పొందుగల దగ్గర కృష్ణ దాటి హైదరాబాదుకు పోయే సిమెంటు లారీలు పగలూ రాత్రీ ఆగవు. ఆ సిమెంటుతో కట్టే భవనాలకు కంప్యూటర్లో మోడళ్లు తయారు చేసేవాళ్లలో కూడా మన పిల్లలున్నారు. సరుకు మనదే, పనితనమూ మనదే. మరి మన ఊళ్లో మనం కట్టుకునే భవనానికి అలాంటి మోడల్ ఒక్కటైనా ఉందా అని అడిగితే, జవాబు కోసం తడుముకోవాలి.

గీత నుంచి గోడకు

ఈ విషయం బొత్తిగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు క్యాడ్ డ్రాయింగులో గోడ అంటే రెండు గీతలు. అవి గోడ గీతలని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ప్లానులో కిటికీ జరిపితే ఎలివేషన్లో మళ్లీ జరపాలి, సెక్షన్లో మళ్లీ జరపాలి. ఒకచోట మరిచిపోతే సైటులో గొడవ. బిమ్‌లో గోడ గోడగానే ఉంటుంది. మందం ఎంత, ఇటుకా బ్లాకా, ఏ అంతస్తులో ఉంది, దాని మీద ప్లాస్టరింగు ఏ రకం, అగ్నిని ఎంతసేపు ఆపుతుంది అన్నవి ఆ గోడకే అంటిపెట్టుకుని ఉంటాయి. కిటికీ ఒకచోట జరిపితే అన్ని బొమ్మల్లోనూ జరుగుతుంది. ఆ వస్తువులకు తేదీలు జోడిస్తే ఏ వారం ఏం లేస్తుందో తెర మీద చూడొచ్చు. దాన్నే 4డీ అంటున్నారు. ధరలు కూడా జోడిస్తే 5డీ. నాగపూర్ మెట్రో పనుల్లో ఈ 5డీ పద్ధతి వాడారు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. 1970ల మధ్యలోనే అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ అనే ఆచార్యుడు భవనాన్ని గీతలుగా కాక, వస్తువుల పట్టీగా కంప్యూటరులో దాచవచ్చని చూపించాడు. 1980ల్లో హంగరీలో ఆర్కిక్యాడ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది. 2000లో రివిట్ అనే మరో సాఫ్ట్‌వేరు వచ్చింది, రెండేళ్లకు ఆటోడెస్క్ దాన్ని కొనుక్కుంది. బ్రిటన్ ప్రభుత్వం 2011లోనే గడువు పెట్టి, 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో కట్టించే పనుల్లో బిమ్ తప్పనిసరి చేసింది. సింగపూర్ 5,000 చదరపు మీటర్లు దాటిన భవనాల అనుమతికి 2015 నుంచి మోడలే ఇమ్మంది. 2018లో ఐఎస్‌ఓ 19650 పేరిట అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

ఈ చరిత్ర ఇంతటితో చాలు. మన కాలేజీల్లో ఇది ఏ రూపంలో దిగింది అన్నది అసలు సంగతి. చాలాచోట్ల బిమ్ అంటే రివిట్, రివిట్ అంటే ఏ బటన్ నొక్కితే ఏం వస్తుందో నేర్పడం అయిపోయింది. డిప్లొమానో బీటెక్కో పూర్తయ్యాక అమీర్‌పేటలో రెండు మూడు నెలలు కోర్సు చేసి, హైదరాబాదులో ఏదో బిమ్ సర్వీసు కంపెనీలో చేరి, లండన్ ఆస్పత్రికో దుబాయ్ హోటల్‌కో పైపులు గీసే కుర్రాళ్లు మన పల్లెల్లోనే కనిపిస్తారు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. అది అన్నం పెడుతోంది, ఓపికతో చేయాల్సిన నైపుణ్యం కూడా. కానీ ఆ కుర్రాడికి తాను గీసిన భవనం ఎప్పటికీ కనిపించదు. గీసిన పైపు అక్కడ పట్టిందో లేదో కబురు తిరిగి రాదు. నిర్మాణ నిర్వహణ చదివే విద్యార్థి సంగతి వేరు. రేపు సైటులో నిలబడేది తను. మేస్త్రికి చెప్పేది తను, బిల్లు రాసేది తను, మాట పడేది కూడా తనే. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఎలా?

నా మాట ఒక్కటే. నిర్వహణ విద్యార్థికి బిమ్ నేర్పడమంటే మోడల్‌లోని ప్రతి సంగతికీ జవాబుదారీ ఎవరో అడగడం నేర్పడం. పాత డ్రాయింగు షీటు కింద కుడి మూలన ఒక పెట్టె ఉండేది. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు, తేదీ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలే దాకా ఆ పని అంతా అలాంటి సంతకాల మీదే నడిచింది. సిమెంటుకూ యంత్రాలకూ కటకట, రాయికీ మనుషులకూ కొదవలేని కాలం. అందుకే 124 మీటర్ల ఎత్తున రాతికట్టడం లేచింది. వేలమంది చేతుల మీదుగా నడిచే పనిలో ఏ కాగితానికి ఎవరు బాధ్యులో తెలియకపోతే పునాది దాటేది కాదు. కంప్యూటరు తెర మీద మోడల్ తళతళలాడుతుంటే ఆ పెట్టె కంటికి ఆనదు. అది ఎక్కడికి పోయిందో వెతికించడమే మన పాఠం.

ప్లాస్టరింగు కొలత

మాటలు కాదు, ఒక గోడ తీసుకుందాం. పొడవు 6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. రెండు వైపులా ఒకే రకం ప్లాస్టరింగు. మధ్యలో 1 మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న తలుపు. గోడ ఒక ముఖం 18 చదరపు మీటర్లు, రెండు ముఖాలు 36. తలుపు 2.1. మోడల్‌ను అడిగితే రెండు వైపులా తలుపు తీసేసి 31.8 చదరపు మీటర్లు అంటుంది. లెక్క నిజమే.

ఇప్పుడు ఎం.బుక్, అంటే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం, తీయండి. మన దేశంలో కొలతలకు ఆధారం ఐఎస్ 1200. అర చదరపు మీటరు దాటి 3 చదరపు మీటర్ల లోపు ఉండే తలుపులకు, కిటికీలకు ఒక ముఖానికి మాత్రమే కోత పెట్టమంటుంది. పక్క అంచులకు పూసిన ప్లాస్టరింగును విడిగా కలపొద్దంటుంది. ఆ అంచుల పనికి రెండోవైపు కోత మానడమే ప్రతిఫలం. ఈ లెక్కన బిల్లులో రావలసింది 33.9. తేడా తలుపుకు 2.1 చదరపు మీటర్లు. అలాంటి తలుపులు నూరు ఉన్న హాస్టలు భవనంలో 210 చదరపు మీటర్లు.

మోడల్ కొలత ప్రకారం బిల్లు చేస్తే తాపీ మేస్త్రి నష్టపోతాడు. బిల్లు కొలతను సరుకు లెక్కకు వాడితే ఇసుక, సిమెంటు లెక్క తప్పుతుంది. ఎందుకంటే ఆ 33.9లో పక్క అంచులు ఎంత ఉన్నాయో అది చెప్పదు. రెండు అంకెలూ సరైనవే, రెండింటి అవసరాలు వేరు. ఈ తేడా పట్టుకోగలిగిన విద్యార్థికే బిమ్ వచ్చినట్టు. క్వాంటిటీ టేకాఫ్, అంటే పరిమాణాలు లెక్కగట్టే క్లాసు చెప్పే మాస్టార్లకు నాదో మనవి. సాఫ్ట్‌వేరు ఇచ్చిన పట్టికను ప్రింటు తీసి ఇస్తే మార్కులు వేయొద్దు. పక్కన ఒక గడి గీయించండి. ఈ అంకె దేనికి పనికొస్తుంది, ఏ నియమం ప్రకారం వచ్చింది, దీన్ని చేత్తో ఎవరు సరిచూశారు అని ఆ గడిలో రాయమనండి. పది గోడలు చేత్తో కొలిచి లెక్కగట్టిన పిల్లవాడు వెయ్యి గోడల పట్టికలో తేడాను వాసన పట్టేస్తాడు. చేత్తో ఒక్క గోడా కొలవనివాడు ఎంత పెద్ద అంకె వచ్చినా తల ఊపుతాడు.

మిర్చి గిడ్డంగి పాఠం

రెండో ఉదాహరణ మన వ్యవసాయంలోంచే తీసుకుంటాను. బిమ్ పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ అద్దాల ఆఫీసు భవనమే నమూనా. మన పిల్లలకు అదెందుకు? గుంటూరు చుట్టూ, పల్నాడు దారుల్లో మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని లేవు! నిర్వహణ విద్యార్థికి అంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు.

లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పట్టే గిడ్డంగి అనుకోండి. టిక్కీ 40 కిలోలు వేసుకున్నా 4,000 టన్నుల బరువు. ఆ బరువు మోసే ర్యాకులు, పిల్లర్లు, పునాదులు ఒక ఇంజనీరు పని. గోడల లోపలి వైపు చల్లదనం పోకుండా వేసే పఫ్ ప్యానెళ్లో థర్మోకోలో మరో ఏజెన్సీ పని. అమ్మోనియా కంప్రెసర్లు, పైపులు, లోపల కాయిళ్లు మూడో పార్టీ. కరెంటు, లిఫ్టు, అగ్నిమాపక ఏర్పాట్లు ఇంకొకరివి. నలుగురి డ్రాయింగులూ విడివిడిగా బాగానే ఉంటాయి. ఒకచోట పెట్టినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

నాలుగు మోడళ్లనూ కలిపి తనిఖీ చేస్తే సాఫ్ట్‌వేరు వందల ఢీకొట్టుళ్లు చూపిస్తుంది. వాటిలో చాలా భాగం చిల్లర. కాయిల్‌ను వేలాడదీసే బోల్టు కాంక్రీటులోకి దూరిందనీ అంటుంది. దూరాలి మరి, దూరకపోతే కాయిల్ నిలవదు. అసలు ప్రమాదం మరోచోట ఉంటుంది. అమ్మోనియా పైపు గోడలోంచి లోపలికి వెళ్లేచోట ముందుగా స్లీవు, అంటే పైపు దూరే గొట్టం, వదలలేదనుకోండి. ప్యానెళ్లు బిగించాక రంధ్రం కొడతారు. బయటి వైపు తేమను ఆపే పొర అక్కడ చిరుగుతుంది. మన ఎండాకాలపు వేడిగాలిలోని తేమ ఆ సందులోంచి లోపలికి పాకి, చల్లటిచోట నీరై ఇన్సులేషన్‌ను తడుపుతుంది. తడిసిన ఇన్సులేషన్ చలిని ఆపలేదు. కంప్రెసరు ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, గోడ పక్క టిక్కీలకు బూజు భయం మొదలవుతుంది. సాఫ్ట్‌వేరు దీన్ని 'పైపు గోడను దాటుతోంది' అని ఒక్క వాక్యంలో, బోల్టు గొడవ పక్కనే, అదే ఎర్ర రంగులో చూపిస్తుంది. రెండింట్లో ఏది పెద్దదో అది చెప్పదు. చెప్పాల్సింది మనిషి.

ఇక కాలం సంగతి. మిర్చి కోతలు జోరందుకుని ఫిబ్రవరి నుంచి యార్డుకు సరుకు పోటెత్తుతుంది. గిడ్డంగి ఆ లోపు సిద్ధం కాకపోతే యజమాని ఒక సీజను పోగొట్టుకున్నట్టే. అందుకని పనిపట్టికను ముందు నుంచి కాక వెనక నుంచి అల్లాలి. సరుకు దిగే రోజుకు ముందు ఖాళీ గదులను చల్లబరిచి చూడాలి. దానికి ముందు అమ్మోనియా లైన్లకు ప్రెజరు పరీక్ష. దానికి ముందు ఇన్సులేషన్. దానికి ముందు స్లీవులు, గోడలు. ఇలా వెనక్కి నడుచుకుంటూ పోతే స్లాబు పోత వానాకాలం నడిమధ్యకు వచ్చి పడుతుంది. ఇంకో చిక్కు. కంప్రెసరు లోపలికి వచ్చే దారిలో గోడ ముందే కట్టేస్తే, యంత్రం వచ్చిన రోజు గోడ పగలగొట్టాలి. ఇలాంటి అడ్డంకులు మూడు కొలతల బొమ్మలో కనబడవు, 4డీలో కనబడతాయి. అయినా ఒక షరతు ఉంది. పనిపట్టికలో వేసిన రోజుల సంఖ్య ఎవరో ముఠా మేస్త్రిని అడిగి వేసినదై ఉండాలి. పత్తి తీతలకు, మిర్చి కోతలకు కూలీలు పొలాలకు మళ్లే నెలల్లో సెంట్రింగు పనికి ఎంతమంది దొరుకుతారో మేస్త్రికి తెలుసు, సాఫ్ట్‌వేరుకు తెలియదు. ఆ సంగతి రాయని 4డీ మోడల్ చూడముచ్చటైన అబద్ధం.

దీన్ని క్లాసులో ఎలా నడపాలి? విద్యార్థులను అయిదు జట్లుగా చేయండి: యజమాని, స్ట్రక్చరు, రిఫ్రిజిరేషను, కరెంటు, కాంట్రాక్టరు. ఉపాధ్యాయుడు కావాలని తప్పులు పెట్టిన మోడల్ ఒకటి వాళ్లకిచ్చి వారం వారం సమన్వయ సమావేశం పెట్టించండి. ఎన్ని ఢీకొట్టుళ్లు తీసేశారన్నది కాదు, సమావేశం మినిట్స్‌లో ఏం రాశారన్నది చూసి మార్కులు వేయండి. ఈ సమస్య ఎవరిది, ఏ తేదీలోగా తీరుస్తారు, తీరినట్టు ఎవరు ఒప్పుకున్నారు. ఐఎస్‌ఓ 19650 చెప్పే నాలుగు దశలు అప్పుడు బట్టీ పట్టే పని లేకుండానే బుర్రకెక్కుతాయి. ఇంకా తయారీలో ఉన్నది, ఇతరులకు చూపడానికి పెట్టినది, పనికి వాడొచ్చని విడుదల చేసినది, పాతబడి దాచినది. తయారీలో ఉన్న మోడల్ చూసి రాడ్డు కత్తిరించినవాడికి సున్నా. అలా కత్తిరించే వీలు ఇచ్చిన జట్టుకు కూడా సున్నా.

కట్టాక ఏమిటి?

మన చదువుల్లో భవనం కథ పని పూర్తయ్యే చోట ముగుస్తుంది. భవనానికి కథ మొదలయ్యేది అక్కడ.

ఇక్కడికి దిగువన, కృష్ణ మీద పులిచింతల దగ్గర ఉన్న జలాశయానికి లక్ష్మణరావు గారి పేరే పెట్టాం. 2013లో ప్రారంభమైన ఆ ప్రాజెక్టులో 2021 ఆగస్టులో 16వ గేటు కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అప్పుడు గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారు వెళ్లి, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక అడ్డు దింపించి, వారంలో ప్రవాహానికి అడ్డుకట్ట వేయించారు. ఆయనకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక పంతులుగా నాకు మరో ఆలోచన వస్తుంది. ఒక పెద్దాయన అనుభవంలో ఉన్న జ్ఞానం ప్రతి గేటు పక్కన, ప్రతి గొలుసు పక్కన రాసి ఉండాలి. ఎప్పుడు బిగించారు, ఏ లోహం, చివరిసారి ఎవరు తనిఖీ చేశారు, ఏం చూశారు. గేటుకు అంటిపెట్టుకుని ఉండే ఈ సమాచారమే బిమ్‌లో అసలైన ఇన్ఫర్మేషన్. బొమ్మ దానికి తొడుగు.

అమరావతి నుంచి కూడా ఇదే పాఠం. 2019లో అక్కడ రాజధాని పనులు ఆగాయి. సచివాలయ టవర్ల పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024లో మళ్లీ మొదలుపెట్టబోయే ముందు మద్రాసు, హైదరాబాదు ఐఐటీల నిపుణులు వచ్చి అక్కడి కట్టడాల గట్టిదనం పరీక్షించాల్సి వచ్చింది. ఎంత పెద్ద పనైనా మధ్యలో ఆగవచ్చు, మనుషులు మారవచ్చు, కాంట్రాక్టరు మారవచ్చు. ఆగిన రోజున ఉన్నది ఉన్నట్టుగా రాసిపెట్టిన లెక్క చేతిలో ఉంటే తిరిగి అందుకోవడం సుళువు.

బయటి దేశాలు ఈ పాఠాన్ని ప్రాణాలు పెట్టి నేర్చుకున్నాయి. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన సమీక్షలో జూడిత్ హాకిట్ గట్టిగా చెప్పిన మాటల్లో ఒకటి, ఎత్తయిన భవనాల గురించిన సమాచారం డిజైను నాటి నుంచి నివాసం దాకా తెగకుండా అందుబాటులో ఉండాలని. 2022లో అది చట్టమైంది. గోడకు తొడిగిన ప్యానెల్ ఏ పదార్థమో, ఎవరు ఎంపిక చేశారో, ఎవరు ఒప్పుకున్నారో చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం వచ్చిపడింది.

అంత దూరం ఎందుకు, నాగార్జునకొండ మన పక్కనే ఉంది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నేతృత్వంలో అక్కడ తవ్వకాలు చేశారు. ఇక్ష్వాకుల నాటి కట్టడాలను కొలిచి, రాసి, కొన్నింటిని కొండమీద, అనుపులో మళ్లీ నిలబెట్టారు. మునిగిన లోయ ఎలా ఉండేదో చూపే నమూనా ఇప్పటికీ కొండ మీది మ్యూజియంలో ఉంది. రాయి ఎక్కడిదో రాసుకున్నారు కనుకే దాన్ని మళ్లీ నిలబెట్టగలిగారు. రాసుకోనిది నీళ్లలో ఉంది.

మన దగ్గరి అడ్డంకులు

ఇవన్నీ వినడానికి బాగుంటాయి, మా ల్యాబులో కంప్యూటర్లే సరిగా లేవు అంటారు. నిజమే. పెద్ద మోడల్ తెరవడానికి మంచి ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు కావాలి. అందుకే పెద్ద మోడల్ వద్దంటున్నాను. రెండు గదుల అంగన్‌వాడీ భవనం, ఒక గ్రామ సచివాలయం చాలు. లైసెన్సులు ఖరీదు అంటారు. విద్యార్థులకు రివిట్ ఉచితంగానే ఇస్తారు. అదీ వద్దనుకుంటే చాలా సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫార్మాటు ఉంది. దానితో పనిచేసే బోన్సాయ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. మోడల్‌ను ఫోనులో తిప్పి చూసే వ్యూయర్లు ఉన్నాయి. ఒక కంపెనీ సాఫ్ట్‌వేరుకే చదువును కట్టేస్తే, ఆ కంపెనీ ధర పెంచిన రోజు చదువు ఆగుతుంది. ఐఎఫ్‌సీతో మొదలుపెడితే ఆ బెడద ఉండదు.

రెండో అడ్డంకి పరీక్ష. 'బిమ్ అనగానేమి? దాని లాభములు వ్రాయుము' అని అయిదు మార్కులకు అడిగినంత కాలం పిల్లలు లాభాలే రాస్తారు. నష్టాలు అడగండి. ఈ మోడల్‌లో ఏ మూడు సంగతులు నమ్మకూడదో చెప్పమనండి. ఇచ్చిన అంకెను చేత్తో సరిచూడమనండి.

మూడోది పంతుళ్లే. మాలో చాలామంది ఈ సాఫ్ట్‌వేర్లు చదువుకుని వచ్చినవాళ్లం కాదు. విద్యార్థే మనకన్నా వేగంగా బటన్లు నొక్కుతాడు. నొక్కనివ్వండి. స్లీవు ఎందుకు వదలాలో, క్యూరింగు ఎన్నాళ్లు చేయాలో, బిల్లు ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగింది మనం. శామీర్‌పేటలో నిర్మాణ నిర్వహణ నేర్పే నిక్మార్ క్యాంపస్ ఉంది, విజయవాడలో ప్లానింగ్, ఆర్కిటెక్చర్ స్కూలు ఉంది, హైదరాబాదులో 1998 నుంచి నిర్మాణ శిక్షణ సంస్థ న్యాక్ ఉంది. ఇలాంటి సంస్థల నుంచి సాఫ్ట్‌వేరు మెలకువలు అరువు తెచ్చుకోవచ్చు. సైటు తెలివిని మాత్రం ఇక్కడి మేస్త్రులను క్లాసుకు పిలిచి నేర్చుకోవాలి. రాడ్‌బెండింగు మేస్త్రి బీము–పిల్లరు కలిసేచోట మోడల్‌ను ఒక్కసారి చూసి, 'ఇన్ని రాడ్లు ఇందులో పట్టవు, పట్టినా కంకర దిగదు' అంటాడు. ఆ మాట ఏ మాన్యువల్‌లోనూ దొరకదు.

నాలుగోది టెండరు. మన ప్రభుత్వ పనుల్లో డబ్బు ఎం.బుక్ మీద కదులుతుంది, మోడల్ మీద కాదు. కాంట్రాక్టులో రాయనంత కాలం మోడల్‌కు విలువ లేదు. అందుకే నిర్వహణ విద్యార్థికి కాంట్రాక్టు క్లాజు రాయడం కూడా బిమ్ పాఠంలో భాగమే. యజమానికి ఏ సమాచారం, ఏ రూపంలో, ఏ రోజు కావాలో ముందే రాయించుకోవాలి. అడగడం తెలియని యజమానికి కాంట్రాక్టరు ఇచ్చేది బొమ్మే.

ఒక సెమిస్టరు పని

ఉపన్యాసం ముగించే ముందు ఇక్కడ ఉన్న అధ్యాపకుల ముందు ఒక ప్రతిపాదన పెడతాను. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. చుట్టుపక్కల పాలిటెక్నిక్కులు, ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. ప్రతి బ్యాచి తన ఊరి దగ్గర ఇప్పటికే నిలబడి ఉన్న ఒక ప్రభుత్వ భవనాన్ని ఎంచుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావచ్చు, బడి కావచ్చు, ఎత్తిపోతల పంపుహౌసు కావచ్చు.

మొదటి నెల టేపు, లేజరు మీటరు పట్టుకుని కొలతలు. డ్రాయింగులో ఉన్నది, నిలబడి ఉన్నది పక్కపక్కన రాయాలి. పిల్లరు కొలతలో కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకునే తేడా ఎక్కువకు 12 మిల్లీమీటర్లు, తక్కువకు 6. అది దాటినచోట గుర్తు పెట్టాలి. రెండో నెల మోడల్. అలంకారాలు వద్దు, గోడ, పిల్లరు, స్లాబు, తలుపు, నీటి పైపు, స్విచ్‌బోర్డు. ఒక్కో వస్తువు మీద కొలిచినవారి పేరు, సరిచూసినవారి పేరు, తేదీ ఉండాలి. కనబడని పునాదికి 'డ్రాయింగు ప్రకారం, చూడలేదు' అని నిజాయితీగా రాయాలి. మూడో నెల ఆ మోడల్ నుంచి రిపేర్ల ఎస్టిమేటు. సున్నాలు, పైకప్పు లీకులు, మార్చాల్సిన వైర్లు. ఎం.బుక్ నియమాల ప్రకారం ఒకటి, సరుకు కొనడానికి ఒకటి. నాలుగో నెల అప్పగింత. ఆ భవనాన్ని చూసుకునే అసిస్టెంట్ ఇంజనీరు దగ్గరకో, హెడ్మాస్టరు దగ్గరకో, డాక్టరు దగ్గరకో వెళ్లి, ఫోనులో మోడల్ తెరిచి, ఏ వాల్వు ఎక్కడుందో వాళ్లే వెతికి పట్టుకునేదాకా నేర్పాలి. వాళ్లకు అర్థమైందని, ఉపయోగపడుతుందని చేతిరాతతో రసీదు రాయించుకోవాలి.

సగం మార్కులు ఆ రసీదుకు వేయండి. మోడల్ ఎంత అందంగా ఉన్నా రసీదు రాకపోతే తప్పినట్టే లెక్క. అయిదేళ్లలో పల్నాడు జిల్లాలో కొన్ని వందల ప్రభుత్వ భవనాలకు పేర్లూ తేదీలతో సరిచూసిన లెక్క తయారవుతుంది. అది చేసిన పిల్లలు ఉద్యోగాల ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ల పేర్ల జాబితా చదవక్కర్లేదు, ఆ రసీదు బల్ల మీద పెడితే చాలు. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఒక్క కాలేజీ మొదలుపెట్టినా, మొదటి బ్యాచికి పాఠం చెప్పడానికి నేను వస్తాను. తేదీ మీరు చెప్పండి.